సంబర సిరిమాను, అరసవల్లి రథసప్తమి: ఎవరెవరు వస్తారు?

అందరికీ నమస్తే. చలికాలం అనగానే అరకు, లంబసింగి అంటారు మనవాళ్లు. ఈసారి పండక్కి ఊరొచ్చేవాళ్లు వీలైతే సెలవు కాస్త పొడిగించుకుని, సంబర ఊళ్లో పోలమాంబ అమ్మవారి జాతర చూసే వెళ్లండి.

విజయనగరం పైడితల్లమ్మ సిరిమాను దసరా వెళ్లిన మంగళవారమే అయిపోతుంది. అప్పుడు రాలేకపోయినవాళ్లకు సంబర ఉంది. మక్కువ మండలం, సంక్రాంతి వెళ్లాక జనవరిలో. సోమవారం తొలేళ్లు (జాతర మొదలయ్యే రోజు), మంగళవారం సిరిమాను, బుధవారం అనుపు (అమ్మవారిని సాగనంపడం). ఎప్పుడూ చూడనివాళ్ల కోసం చెప్తున్నా: పొడవాటి మాను మొదలు కింద బిగించి, ఆకాశంలోకి లేచిన కొసన ఆసనం కట్టి, పూజారిని కూర్చోబెట్టి ఊరేగిస్తారు. అంత ఎత్తున మనిషి మన తల మీదుగా కదిలిపోతుంటే ఒళ్లు జలదరిస్తుంది. వీడియోలో ఆ ఎత్తు తెలీదు. ఒడిశా, ఛత్తీస్‌గఢ్ నుంచి కూడా భక్తులొస్తారు.

రెండోది రథసప్తమి. అరసవల్లి శ్రీకాకుళం టౌన్‌ను ఆనుకునే ఉంది కాబట్టి ప్రయాణం తేలిక. అర్ధరాత్రి దాటగానే సూర్యనారాయణ స్వామికి క్షీరాభిషేకం మొదలవుతుంది, ఆ తర్వాత నిజరూప దర్శనం. నాకు మాత్రం ఇంద్ర పుష్కరిణి దగ్గరే ఎక్కువసేపు ఉండాలనిపిస్తుంది. ఆడవాళ్లు పిడకలు రాజేసి పాలు పొంగించి పాయసం వండుతారు, చిక్కుడాకుల్లో నైవేద్యం పెడతారు. తల మీద జిల్లేడాకులు, రేగుపళ్లు పెట్టుకుని ఆ చలిలోనే స్నానాలు. పెద్దవాళ్లను తెస్తే స్వెట్టర్లు మర్చిపోకండి, క్యూలో చాలాసేపు నిలబడాలి.

సంబరకు రైల్లో వచ్చేవాళ్లు బొబ్బిలిలో దిగండి. వచ్చేవాళ్లు పేర్లు పెడితే బండి మాట్లాడతాను.