సిపాయి పట్టాకు ముందున్న కాగితం

సంపాదకులు గారికి,

నమస్కారం. న్యూజిలాండ్‌లోని వైకాటో ప్రాంతంలో వలస ప్రభుత్వం నడిపిన తాత్కాలిక సైన్యం, వైకాటో మిలీషియాలో పనిచేసిన ఒక సిపాయి జీవితాన్ని పాత రికార్డుల్లోంచి వెలికితీస్తూ మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం ఆసక్తిగా చదివాను. భర్తీ జాబితా మొదలుకొని భూమి పట్టా దాకా ఒక సామాన్యుడి జాడ పట్టుకోవడం ఓపికతో కూడిన పని, అందుకు వ్యాసకర్తను అభినందించాలి. కానీ ఆ సిపాయిని ‘అడవి నరికి హామిల్టన్ నగరానికి పునాది వేసిన మార్గదర్శి’ అనడం మాత్రం చరిత్రకు నిలవదని, ఉద్యోగరీత్యా ఆ నగరంలోనే స్థిరపడిన పాఠకుడిగా చెప్పక తప్పడం లేదు.

1863 జూలైలో బ్రిటిష్ సేనలు వైకాటో మీదికి దండెత్తాయి. ఆ వెంటనే వలస ప్రభుత్వం ఆస్ట్రేలియాలోనూ, ఒటాగో బంగారు గనుల దగ్గరా మనుషులను మిలీషియాలో చేర్చుకోవడం మొదలుపెట్టింది. మూడేళ్లు కొలువు చేస్తే కెప్టెన్‌కు 300 ఎకరాలు, సార్జెంటుకు 80, కార్పొరల్‌కు 60, మామూలు సిపాయికి 50 ఎకరాల పొలంతో పాటు పట్నంలో ఒక ఎకరం స్థలం ఇస్తామన్నది ఒప్పందం. ఇందులో తిరకాసు ఏమిటంటే, ఆ భూమిని స్వాధీనం చేసుకోవడానికి వీలిచ్చే చట్టం ఆ ఏడాది డిసెంబరులో గానీ రాలేదు. అక్కడి మూలవాసులైన మావోరీల చేతిలో ఉన్న నేలను ముందే పంచిపెట్టి, చట్టం తరవాత చేసుకున్నారన్న మాట. వైకాటోలో అలా జప్తయినది దాదాపు 12 లక్షల ఎకరాలు.

ఇక అడవి సంగతి. 1864 ఆగస్టు 24న నాలుగో వైకాటో రెజిమెంటు సిపాయిలు ‘రంగిరిరి’ అనే స్టీమరులో వచ్చి దిగిన చోటు, అంటే నేటి హామిల్టన్, కిరికిరిరోవా అనే మావోరీ గ్రామం. ఆ స్టీమరు తుప్పుపట్టిన అడుగుభాగాన్ని నది ఒడ్డున మెమోరియల్ పార్కులో ఇప్పటికీ చూడవచ్చు. దానికి దక్షిణాన ఉన్న రంగియాఓఫియా అనే మావోరీ ఊళ్లో యుద్ధానికి ముందే గోధుమ చేలు, పిండిమరలు, పీచ్ తోటలు ఉండేవి, అక్కడి పంట ఆక్లండ్ జనానికి తిండి పెట్టింది. 1864 ఫిబ్రవరి 21న సైన్యం ఆ ఊరి మీద పడి ఇళ్లు తగలబెట్టింది, మంటల్లో మనుషులూ చనిపోయారు. దున్ని పండించుకుంటున్న నేలను అడవి అనడం ఎవరికి అనుకూలమో వేరే చెప్పనక్కర్లేదు.

అలాగని ఆ సిపాయిని దుర్మార్గుడిగా చూపమని నేను కోరడం లేదు. కూలి దొరక్క మిలీషియాలో చేరిన నిరుపేదలు వాళ్లలో ఎందరో. చేతికొచ్చిన 50 ఎకరాల్లో చాలావరకు చిత్తడి నేలలు, దారి లేదు, పెట్టుబడి లేదు. ప్రభుత్వమిచ్చే రేషను ఆగిపోగానే చాలామంది వచ్చినకాడికి అమ్ముకుని వెళ్లిపోయారు, 1867లో న్యూజిలాండ్‌లోనే ఉన్న థేమ్స్ అనే చోట బంగారం బయటపడ్డాక ఇలా వెళ్లిపోవడం ఇంకా పెరిగింది. పునాది వేశారనుకున్నవాళ్లలో పెక్కుమంది అక్కడ నిలవనే లేదు. ఆ మాటకొస్తే, నగరానికి పేరిచ్చిన నౌకాదళ కెప్టెన్ జాన్ హామిల్టన్ కూడా టౌరంగా దగ్గర మావోరీలతో జరిగిన గేట్ పా పోరులో చనిపోయాడే తప్ప ఈ ఊళ్లో అడుగుపెట్టినవాడు కాడు. ఆయన విగ్రహాన్ని 2020 జూన్‌లో తొలగించారు.

మన దగ్గర అరెకరం కొనాలన్నా లింకు డాక్యుమెంట్లు అడుగుతాం, అమ్మేవాడికి ఎలా సంక్రమించిందో తేలకుండా బయానా ఇవ్వం. సిపాయి పట్టా దగ్గరే ఆగిన పరిశోధన ఆ పాటి జాగ్రత్త కూడా తీసుకోలేదు. దానికి ముందు కాగితాలు ఉన్నాయి: జప్తు ప్రకటనలు, నష్టపరిహార కోర్టులో మావోరీలు వేసుకున్న దావాలు. అది అన్యాయమైన జప్తేనని 1995 నాటి చట్టంలోనే న్యూజిలాండ్ ప్రభుత్వం (క్రౌన్) తరఫున క్షమాపణ రాసి ఉంది. ఇప్పుడు ఆ నేల మీద ఇళ్లు కొనుక్కుంటున్న వాళ్లలో తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. 2023 నుంచి వాళ్ల పిల్లలు బడిలో ఈ దేశ చరిత్రను తప్పనిసరిగా చదువుతున్నారు. బడిలో ఒకటి, ఇంటికొచ్చే తెలుగు పత్రికలో మరొకటి చదవవలసి రావడం బాగుండదు.

వ్యాసం రెండో భాగం త్వరలో వస్తుందని ప్రకటించారు. అందులో ఆ సిపాయికి దక్కిన పొలం ఏ తెగ నుంచి జప్తయినదో, చివరికి ఎవరికి అమ్ముడుపోయిందో కూడా ఇవ్వవలసిందిగా వ్యాసకర్తను కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
హామిల్టన్, న్యూజిలాండ్