ఈ విడత ఢిల్లీ కనకాంబరం మొక్కలు ఇవ్వడం లేదు

చంద్రగిరి, పుత్తూరు వైపు నుంచి ఢిల్లీ కనకాంబరం మొక్కలకు అడ్వాన్స్ ఇచ్చిన రైతులందరికీ నమస్కారం. ఈ విడత మొక్కలు ఇవ్వలేను. మా నర్సరీలో తల్లి మొక్కల మడిలో ఒక మూల ఎండు తెగులు కనబడింది. మడి మొత్తం పీకి కాల్చేశాం. పక్క మడిలో మొక్కలు పచ్చగా, నిగనిగలాడుతూనే ఉన్నాయి. అయినా వాటి కొమ్మలు మీ చేనికి పంపడానికి నాకు మనసొప్పడం లేదు.

పచ్చగా ఉన్నవైనా ఇవ్వొచ్చు కదా అని కొందరు ఫోన్లో అడిగారు. నాటు కనకాంబరం అయితే గింజతో వస్తుంది. ఎండిన కాయ మీద నీళ్లు పడితే టప్పున పగిలి గింజలు ఎగిరి పడతాయి, మన ఊళ్లలో పిల్లలకు అదో ఆట. ఢిల్లీ రకం ట్రిప్లాయిడ్, అంటే కణాల్లో క్రోమోజోములు రెండు వరసలకు బదులు మూడు వరసలు ఉండే రకం, అందుకే గింజ కట్టదు. కొమ్మలు కత్తిరించి వేరు పట్టించాల్సిందే. తల్లి మొక్కకు జబ్బు ఉంటే పిల్ల మొక్కతో, ప్యాకెట్ మట్టితో అది నేరుగా మీ చేలోకి వచ్చేస్తుంది. ఈ తెగులు తెచ్చే ఫ్యుజేరియం బూజు ఒకసారి మట్టిలో చేరితే ఏళ్ల తరబడి పోదు.

ఇప్పటికే తోట ఉన్నవాళ్లు ఒకసారి చూసుకోండి. ఆకులు పాలిపోయి, అంచులు గులాబీ కలిసిన గోధుమ రంగుకు తిరిగి, మొక్క వాలిపోతుంటే ఒకదాన్ని పీకండి. మంచి వేరు తెల్లగా, గట్టిగా ఉంటుంది. జబ్బు వేరు నల్లబడి, వేళ్లతో లాగితే పైతోలు ఊడొస్తుంది. కంటికి కనబడని నులిపురుగులు ముందు వేరుకు గాట్లు పెడతాయి, ఆ గాయాల్లోంచి బూజు లోపలికి దిగుతుంది. కాబట్టి పైన మందు కొట్టి ప్రయోజనం లేదు. నీళ్లు నిలవకుండా ఎత్తు మడులు చేయండి, దుక్కిలో వేపపిండి వేయండి. మన దగ్గర వానలు ఎక్కువగా పడే అక్టోబరు, నవంబరులో మరీ జాగ్రత్త.

కనకాంబరానికి వాసన లేదని చిన్నచూపు చూసేవాళ్లున్నారు. కానీ మల్లెలు సాయంత్రానికి వాడిపోతే, జడలో కనకాంబరం మర్నాటికీ రంగు తగ్గదు. పువ్వు బరువే ఉండదు, కిలో తూగాలంటే వేలల్లో కోయాలి. తెల్లవారకముందే ఒక్కో కంకి దగ్గర వంగి కోసే ఆడవాళ్ల కష్టం నేను రోజూ చూస్తున్నాను. అంత కష్టం పెట్టే తోటకు జబ్బు మొక్క ఇవ్వడం నా వల్ల కాదు.

అడ్వాన్స్ మొత్తం వెనక్కి ఇస్తాను, రసీదు లేకపోయినా పర్లేదు, పుస్తకంలో మీ పేరుంది. కొత్త తల్లి మొక్కలను శుభ్రమైన మట్టిలో, వేరే షేడ్‌నెట్ కింద పెట్టాం. వానాకాలం దాటాక వేర్లు చూసి, బాగుంటేనే కొమ్మలు తీస్తాం. అప్పుడు మొక్కకు ధర కొంచెం పెరుగుతుంది, ఇప్పుడే చెబుతున్నాను. ఈలోగా చేను ఖాళీగా ఉంచకుండా బంతి వేసుకోండి, దాని వేర్లు నులిపురుగులను తగ్గిస్తాయి. బంతి నారు సిద్ధంగా ఉంది, కనకాంబరానికి అడ్వాన్స్ ఇచ్చినవాళ్లకే ముందు ఇస్తాం.