ఫిల్మ్ సిటీల రూముల ముచ్చట
అందరికి నమస్తే, మొన్న పిల్లలను తీస్కొని రామోజీ ఫిల్మ్ సిటీ పోయి లోపల్నే సితార హోటల్ల ఒక రాత్రి ఉన్నం. నల్గొండ నుంచి నార్కట్‌పల్లి కాడ 65 హైవే ఎక్కితే పంతంగి టోల్, చౌటుప్పల్ దాటినంక ఎంతో సేపు పట్టది. రేటు జర ఎక్కువే కని పొద్దుగాల పోయి రాత్రి వాపస్ వచ్చుడు కంటె ఇదే నయం, 1,666 ఎకరాలాయె, చిన్నోళ్లతోని ఒక్కదినంల తిరుగుడంటే కాళ్లు పడిపోతయ్. మావోడైతే మధ్యాహ్నానికే బస్సుల నిద్రపోయిండు, చేతిల సగం తిన్న మక్కకంకి అట్లనే ఉంది. బుక్ చేసేటప్పుడు రూం రేట్ల పార్క్ టికెట్ కలిసిందో లేదో, ఎక్స్‌ట్రా బెడ్‌కు ఎంతో ముందే ఫోన్ చేసి అడుగుర్రి, మేం అడగక బుక్కైనం. వదినా, మీరు రావిర్యాల కాడ వండర్‌లా ఆటల పార్క్‌కు గూడ పోతమన్నరు గద, కాటన్ బట్టలతోని నీళ్లల్లకు దిగనియ్యరు, నైలాన్‌వి ఇంటికాన్నుంచే తీస్కపోర్రి.