మక్కా మసీదు రాళ్లను చూడబోయే ముందు

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

వచ్చే వారం ఎనిమిదో తరగతి పిల్లలను హైదరాబాదు పాతబస్తీలోని మక్కా మసీదుకు తీసుకువెళ్తున్నాం. మన బడిలో చార్మినార్ చూడని పిల్లలు అరుదు. దానికి కూతవేటు దూరంలోనే ఉన్న ఈ మసీదు లోపల అడుగుపెట్టినవారు మాత్రం కొద్దిమందే. ఆ లోటు నన్ను చాలాకాలంగా బాధిస్తోంది.

ఆరో కుతుబ్‌షాహీ సుల్తాను మహమ్మద్ కుతుబ్‌షా 1617 ప్రాంతంలో ఈ మసీదుకు పునాది వేయించారు. 1626లో ఆయన కన్నుమూసిన తరువాత అబ్దుల్లా కుతుబ్‌షా కాలంలోనూ, భక్త రామదాసు కథ ద్వారా మన పిల్లలందరికీ తెలిసిన తానీషా కాలంలోనూ పని సాగుతూనే ఉంది. 1687లో గోల్కొండ మొగలుల వశమయ్యాక, 1694లో ఔరంగజేబు హయాంలో నిర్మాణం పూర్తయింది. నడిమి కమానుకు మక్కా నుంచి తెప్పించిన మట్టితో చేసిన ఇటుకలు వాడారని, అందువల్లే ఈ పేరు వచ్చిందని చెబుతారు.

ఇంత కాలం ఎందుకు పట్టిందో ఆ రాళ్లను చూస్తే కొంత అర్థమవుతుంది. పని ఇంకా సాగుతున్న రోజుల్లో గోల్కొండకు వచ్చిన ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియర్, ప్రార్థన గూడు (నమాజు చేసే దిక్కును చూపే గోడగూడు) కోసం తెచ్చిన ఒకే ఒక్క బండను గని నుంచి తొలిచి తీయడానికి ఐదేళ్లు పట్టిందని, అయిదారు వందల మంది ఎడతెగకుండా పనిచేశారని, దానిని లాగడానికి 1400 ఎడ్లు అవసరమయ్యాయని తనకు చెప్పినట్లు రాశారు. ఆ ఎడ్లను తోలినవారి పేర్లు, ఉలి పట్టినవారి పేర్లు ఆయన రాయలేదు. నాకు ముందుగా గుర్తుకు వచ్చేది మాత్రం వారే.

కిందటిసారి మాతో వచ్చిన ఒక విద్యార్థిని స్తంభం దగ్గర కూర్చుని, రాతికీ రాతికీ మధ్య అతుకు ఎక్కడుందో గోటితో తడుముతూ చాలాసేపు వెతికింది. ఈసారి పిల్లలందరికీ అలాంటి తీరిక ఇవ్వాలని, ఉదయమంతా అక్కడే గడపాలని నిర్ణయించాం. ముఖభాగంలోని ఐదు కమానులను వారు పెన్సిలుతో గీస్తారు. ప్రాంగణంలో ఒక పక్కనున్న అసఫ్‌జాహీల (నిజాం నవాబుల) సమాధులను కూడా చూస్తారు.

అది నిత్యం నమాజు జరిగే చోటు కాబట్టి శుక్రవారం కాకుండా మరో రోజు ఎంచుకున్నాం. పిల్లలకు నిండైన దుస్తులు వేసి, తేలికగా విడవగలిగే చెప్పులతో, ఒక గీతల్లేని నోటుపుస్తకమూ మంచినీళ్ల సీసా ఇచ్చి పంపవలసిందిగా కోరుతున్నాను. వీలున్న తల్లిదండ్రులు మాతో రావచ్చు. ముందురోజు తరగతి ఉపాధ్యాయులకు తెలియజేస్తే చాలు.

భవదీయ,
ప్రధానోపాధ్యాయులు