నేను అమ్మిన ఫెన్విక్ రాడ్ రెండంగుళాలు పొట్టిది

అందరికీ నమస్తే. పెన్సిల్వేనియా మెకానిక్స్‌బర్గ్‌లో నా చేపల గాలాల కొట్టుకొచ్చే తెలుగువాళ్ల మధ్య రెండు వారాలుగా గుసగుసలు నడుస్తున్నాయని తెలుసు, అందుకే నేనే చెప్పేస్తున్నా. జులైలో మనలో ఒకాయనకి పాత ఫైబర్‌గ్లాస్ ఫ్లై రాడ్ (ఈగలాంటి తేలిక ఎరని లైన్ బరువుతో విసిరి చేపలు పట్టే రాడ్) 160 డాలర్లకి అమ్మా. ఫెన్విక్ కంపెనీ ఎఫ్‌ఎఫ్756, "అంతా ఒరిజినలే సర్" అని గట్టిగా చెప్పి మరీ. అది కొస తెగిన రాడ్.

ఆయన ఎల్లో బ్రీచెస్ వాగుకి తీసుకెళ్లి నాలుగుసార్లు విసిరారట, కొస వంగట్లేదు, కర్రలా ఉందని తెచ్చారు. నేను వింటేగా! మీరు 5 నంబర్ లైన్ (నంబర్ పెరిగేకొద్దీ లైన్ బరువు పెరుగుతుంది) వేసుంటారు, దీనికి 6 కావాలి అని ఓ పావుగంట క్లాసు పీకా. ఆయన మాట్లాడకుండా జేబులోంచి టేపు తీశారు. ఆ మోడల్ నంబర్లో 75 అంటే ఏడున్నర అడుగులు, చివరి 6 లైన్ నంబర్, ఇది మీ అందరికీ నేర్పింది నేనే. ఏడున్నర అడుగులంటే 90 అంగుళాలు. టేపు 88 దగ్గర ఆగింది. ఆ టైంలో కొట్లో ఇంకో ఇద్దరున్నారు, అదింకా మింగుడుపడట్లేదు.

తర్వాత భూతద్దం పెడితే అన్నీ కనిపించాయి, కొస రింగు గొట్టం లావుగా ఉంది, దాని కింద దారం చుట్టు రంగు మిగతావాటితో కలవట్లేదు, వార్నిష్ మెరుపు వేరు. మరి ముందెందుకు చూడలేదంటే, కార్క్ పిడి చూశా, గైడ్లలో (లైన్ జారే రింగుల్లో) గాట్లు చూశా, రాడ్ రెండు ముక్కలు కలిసే గ్లాస్ జాయింటు బిగించాక మధ్యలో ఉండాల్సిన సందు ఉందో లేదో చూశా (సందు పోయి రెండు ముక్కలు ఆనుకుంటే అరిగిపోయినట్టే), పొడవు మాత్రం కొలవలేదు. ఎందుకంటే సరుకిచ్చినాయన కొలిచానన్నాడు.

ఈ సరుకిచ్చే ఆయన గురించి చెప్పాలి. చనిపోయినవాళ్ల ఇళ్లు ఖాళీ చేసే చోట లాట్లు కొని నాకు తెస్తాడు, ఆరేళ్లుగా ఆయన దగ్గరే కొంటున్నా, చలికాలంలో బేరాల్లేనప్పుడు కూడా మాట పోకూడదని కొన్నా, అలాంటిది ఫోన్ చేసి అడిగితే "రెండంగుళాలేగా" అన్నాడు. రెండంగుళాలేనా? కొసన పల్చటి భాగమే కదా తేలిగ్గా వంగేది, అది పోతే 6 నంబర్ రాడ్ కాస్తా 7 నంబర్ లైన్ అడుగుతుంది, పాత రాడ్లు సేకరించి దాచుకునేవాళ్లు సగం ధర కూడా ఇవ్వరు. ఇక ఆయనతో బేరం లేదు. మా ఆవిడ ఇంకో మాట అడిగి చూడమంటోంది, అడగను.

నేను నాలుగు రాత్రులు కొట్టుకున్నది మాత్రం వేరే విషయానికి. ఆ లాట్లో మొత్తం 11 రాడ్లు, ఆరు అమ్ముడుపోయాయి. మిగతా ఐదుగురికీ ఏ అనుమానమూ లేదు, హాయిగా పట్టుకుంటున్నారు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. చెప్తే డబ్బుతో పాటు పరువూ పోతుంది. చివరికి ఐదుగురికీ ఫోన్ చేశా. ముగ్గురివి కొలిచాం, సరిగ్గానే ఉన్నాయి, ఇంకో ఇద్దరు ఊళ్లో లేరు, రాగానే తీసుకురండి, తేడా ఉంటే పూర్తి డబ్బు వాపసు. ఫెన్విక్ కొన్నాయనకి అదే రోజు ఇచ్చేశా.

ఇకనుంచి ప్రతి పాత రాడ్‌కీ అసలు కొలత, రిపేరు చేసిన చోట్లు చీటీ మీద రాసి కడతా. వాట్సాప్ ఫొటో చూసి ధర చెప్పడం బంద్. గరాజ్ సేల్లో దొరికిన షేక్స్‌పియర్ కంపెనీ వండర్‌రాడ్ ఫొటోలు దయచేసి పంపొద్దు, పాతదే, కాదనను, కానీ అవి ఒకప్పుడు లెక్కలేనన్ని అమ్ముడయ్యాయి, అందుకే రేటుండదు, ఆ మాట చెప్తే నా మీద అలుగుతున్నారు.

ఆ పొట్టి ఫెన్విక్ నా దగ్గరే ఉంది. 7 నంబర్ లైన్ వేసి చూశా, బాగానే విసురుతోంది. ఎవరో 60 ఇస్తానన్నారు, అమ్మనన్నా. ఈ వారం సాయంత్రాలు కొట్టు ఐదింటికే మూసేస్తా, బాయిలింగ్ స్ప్రింగ్స్ దగ్గర వాగులో వైట్ ఫ్లై (సాయంత్రం గుంపులుగా లేచే తెల్ల పురుగు, చేపలు వాటికోసం ఎగబడతాయి) మొదలైంది.