కార్డుకి 14 రూపాయల లెక్క

మా డిజైన్ స్టూడియోకి ఏళ్ల తరబడి వస్తున్న మీ అందరికీ నమస్కారం.

మాఘమాసంలో మా చేతిమీదుగా వెళ్లిన ఒక పెళ్లికార్డులో ముహూర్తం తప్పుపడింది. సగం మందికి ఈపాటికి తెలిసే ఉంటుంది, మా విజయవాడ గవర్నరుపేటలో కబురు మెట్లు దిగేలోపే పక్క వీధికి వెళ్తుంది. మేం దుకాణం కట్టేస్తున్నామని ఒకరన్నారట. ప్రింటింగ్‌లో కార్డుకి 14 రూపాయలు తింటున్నామని ఇంకొకరన్నారట. మొదటిది అబద్ధం. రెండోది నిజమే, కాకపోతే ‘తింటున్నాం’ అన్న మాట దగ్గర నాకు పేచీ ఉంది. అందుకే రాస్తున్నాను. మధ్యలో ఎక్కడైనా కోపం కనిపిస్తే సర్దుకోండి.

ఆ పని 600 కార్డులు. అమ్మాయి తరఫువాళ్లు మాకు పాతవాళ్లే, పెద్దమ్మాయి పెళ్లికార్డు కూడా మా దగ్గరే చేయించుకున్నారు. పైన కొండపల్లి అంబారీ ఏనుగు బొమ్మ కావాలన్నారు, అదీ నెట్‌లో దొరికేది కాదు, చేత్తో వేసింది. ఆ ఏనుగు కోసమే తొమ్మిది రోజులు పట్టింది. అంబారీలో కూర్చున్న ఇద్దరి ముఖాలు నాలుగుసార్లు మార్చాం. ఏనుగు బాగా వచ్చింది. ఇప్పటికీ అదే అంటాను.

ముహూర్తం లైను ఇలా ఉండాలి: ‘ఆదివారం రాత్రి తె. 3.42 ని.లకు (తెల్లవారితే సోమవారం)’. నిమిషాలు ఇంకోసారి చూసి చెబుతానని వాళ్ల పురోహితుడు గారు అన్నారు. అందుకని మిగతా మేటరంతా కర్వ్స్‌లోకి, అంటే బొమ్మగా, మార్చి, ఆ ఒక్క లైనునీ అక్షరాలుగానే వదిలి ఓపెన్ ఫైలు ప్రెస్‌కి పంపాను. మేం డిజైన్ చేసే కోరల్‌డ్రా సాఫ్ట్‌వేర్‌లో కంట్రోల్ క్యూ నొక్కితే అక్షరం బొమ్మ అయిపోతుంది, ఇంక ఏ కంప్యూటర్లో తెరిచినా మారదు. ఆ రెండు మీటలు నేను నొక్కలేదు. రాత్రి తొమ్మిదింటికి పురోహితుడు గారి నుంచి మాట వచ్చింది, నిమిషాలు అవే. ప్రెస్‌కి ఫోన్ చేసి ‘ఉన్నది ఉన్నట్టు వేసెయ్ తమ్ముడూ’ అన్నాను. మామూలుగా మొదటి షీటు దిగేటప్పుడు మెషీన్ పక్కన నేనుంటాను. మర్నాడు తెనాలిలో వేరే పని పడి వెళ్లలేదు. ఇంతవరకూ తప్పు నాది, ఇందులో వాదన లేదు.

ఇక అవతలి సంగతి. సీజన్ కదా, ఆ ప్రెస్‌లో పని కుప్పలు పడి ఉంది. నాతో ఒక్క మాట చెప్పకుండా నా పనిని వేరే ప్రెస్‌కి తోసేశారు. ఆ రెండో ప్రెస్‌లో మేం వాడిన అను ఫాంటు లేదు. అవి ఏ కంప్యూటర్లోనైనా తెలుగు చూపించే యూనికోడ్ ఫాంట్లు కావు, ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే తెలుగు పోయి ఏవో పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. అక్కడి ఆపరేటర్ కుర్రాడు మాకు ఫోన్ చేసి అడగలేదు. నేను వాట్సాప్‌లో పంపిన ప్రూఫు (అచ్చుకి ముందు సరిచూసుకునే నమూనా) చూసి తనే ఆ లైను మళ్లీ కొట్టాడు. ‘రాత్రి’ ఎగిరిపోయింది. బ్రాకెట్టు మొత్తం ఎగిరిపోయింది. మిగిలింది ‘ఆదివారం తె. 3.42 ని.లకు’.

అంటే శనివారం రాత్రి పెళ్లి! ఒక రోజు ముందు.

దీన్ని పట్టుకున్నది పెళ్లికూతురి నాయనమ్మ గారు. కార్డుల మూలలకు పసుపు రాస్తూ కూర్చున్నారట. వేలికి పసుపు, ముక్కు మీద కళ్లజోడు. సగం కట్ట అయ్యాక ఒకటి దగ్గరికి పట్టుకుని చదివి, ‘ఏమర్రా, పెళ్లి శనివారానికి ఎప్పుడు జరిపారు?’ అన్నారట. అప్పటికి 140 కార్డులు పంచేశారు. అందులో మొదటిది ఇంద్రకీలాద్రి మీద అమ్మవారి పాదాల దగ్గర పెట్టింది. అమ్మవారిని కూడా ఒక రోజు ముందే రమ్మన్నామన్నమాట.

ఆ రాత్రికి రాత్రి ఇంకో ప్రెస్‌ను బతిమాలి, కార్డు 31 రూపాయల అర్జంటు రేటుకి 600 మళ్లీ వేయించాను. ఇద్దరు కుర్రాళ్లను బళ్లమీద పంపి 140 ఇళ్లకూ కొత్తవి అందించాం. పెళ్లి ఆదివారం రాత్రే, అందరూ ఉండగా, బాగా జరిగింది. ఏనుగును మెచ్చుకున్నారని కూడా తెలిసింది.

అక్కడితో అయిపోతే ఈ ఉత్తరం ఉండేది కాదు.

నేను మొదట ఫైలు పంపిన ప్రెస్ అబ్బాయితో నాకు తొమ్మిదేళ్ల పరిచయం. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు అతని గోడౌన్‌లో కాగితం మొత్తం తడిసిపోయింది. కాగితం ముక్క రాయించుకోకుండా 50,000 అడ్వాన్సుగా ఇచ్చాను. నాలుగు నెలల్లో పని రూపంలో తీర్చేశాడు కూడా, లేనిది చెప్పకూడదు. అలాంటివాడు ఈ గొడవ రోజున ‘ఫైల్ మీదే కదా మేడమ్’ అన్నాడు. తొమ్మిదేళ్లు నేను అక్కని. ఆ రోజు మేడమ్‌ని అయ్యాను. దానికంటే పెద్ద పని, నిలదీయడానికి వెళ్లిన పెళ్లివారితో ‘మా రేటు కార్డుకి 24 అండీ, మీ దగ్గర ఎంత తీసుకున్నారో ఆవిడనే అడగండి’ అన్నాడు.

నేను తీసుకున్నది 38.

వాళ్లొచ్చి మర్యాదగానే అడిగారు. ‘అమ్మా, మధ్యలో ఈ 14 రూపాయలు దేనికి?’ నా దగ్గర జవాబు ఉంది. అప్పుడు నోరు పెగల్లేదు. తప్పు కార్డులు వేయించి ఇచ్చిన మనిషి, డిజైన్ ఖరీదు గురించి ఏ మొహంతో మాట్లాడుతుంది? వాళ్లు 600 కార్డులకీ 24 చొప్పున 14,400 ఇచ్చి, మిగతా 8,400 ఆపేశారు. వాళ్లను తప్పు పట్టను. కానీ చూడండి, కాగితానికి ఇచ్చారు, సిరాకి ఇచ్చారు. ఆపింది సరిగ్గా ఏనుగు డబ్బు. మళ్లీ వేయించిందీ, ఇంటింటికీ అందించిందీ కలిపి మొత్తం మీద ఈ పనిలో నాకు 13,300 చేతి నుంచి పడింది.

ఇప్పుడు ఆ జవాబు చెబుతాను. 2014లో ఈ స్టూడియో పెట్టినప్పుడు డిజైన్‌కి డబ్బులు అడిగితే జనం నవ్వారు. ‘కంప్యూటర్ చేస్తుంది కదమ్మా, ప్రింటింగ్ మీకే ఇస్తాం, డిజైన్ దాంట్లో చూసుకోండి’ అనేవాళ్లు. సరే, దాంట్లోనే చూసుకున్నాను. బిల్లు మీద ‘డిజైన్: ఉచితం’ అని నేనే రాశాను, నా చేత్తోనే. ఉచితం అని రాసి, కార్డు రేటులో కలిపాను. ఊళ్లో చాలామంది చేసేది ఇదే, కానీ అందరూ చేస్తున్నారన్నది నాకు సాకు కాదు. మీకు చెప్పాల్సింది, చెప్పలేదు.

అలా కలపడం వల్ల నేనేమైనా మేడలు కట్టానా అంటే, పోయిన ఏడాది మా బిల్లుల మొత్తం 23 లక్షలు. వినడానికి బాగుంది. మా చుట్టాలు ఆ అంకె వినే ‘స్టూడియో బ్రహ్మాండంగా నడుస్తోందట’ అంటారు. అందులో 14 లక్షలు అటు నుంచి అటే ప్రెస్‌లకు పోయాయి. మిగిలిన 9 లక్షల్లో ఇద్దరు డిజైనర్ల జీతాలు 4,56,000. అద్దె 1,68,000. సాఫ్ట్‌వేర్లు, కరెంటు, రిపేర్లు కలిపి 1,10,000. నాకు మిగిలింది 1,66,000, అంటే నెలకు 14 వేల లోపే. కింద ఇంటి ఓనరు గారికి నెల నెలా ఇచ్చే అద్దె కూడా ఇంచుమించు అంతే. ఆయన ఏనుగులు గియ్యరు. ఇంకో తమాషా, సేవల వ్యాపారంలో ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. నేను దాటింది నా పనితో కాదు, ప్రెస్‌ల డబ్బు నా బిల్లులో మోసి.

మూడు దారులు కనిపించాయి. ప్రెస్ మార్చి అంతా పాత పద్ధతిలోనే నడపడం. మా ఆయన ఓటు దీనికే. లెక్కలు చూసేది ఆయనే. ‘డిజైన్ ఛార్జీ అని విడిగా రాస్తే ఎవడూ ఇవ్వడు, కలిపేస్తే ఎవడూ అడగడు’ అంటారు. రెండోది, మేమే ఒక డిజిటల్ మెషీన్ కొనడం. కొటేషన్ కూడా తెప్పించాను. కానీ వాయిదాలు కట్టడానికి ఆ మెషీన్‌కి రోజూ మేత వెయ్యాలి, అప్పుడు నేను బొమ్మలు గియ్యడం మానేసి పాంప్లెట్ల కోసం తిరగాలి. మూడోది, డిజైన్ బిల్లు విడిగా ఇచ్చి, ప్రింటింగ్ డబ్బు మీరే నేరుగా ప్రెస్‌కి కట్టడం.

మూడోదే ఖాయం చేశాను. చెప్పడానికి ఒక్క వాక్యం, తేల్చుకోవడానికి మూడు వారాలు పట్టింది. ఎందుకంటే లెక్క వేస్తుంటే ఒక సంగతి బయటపడింది, ఇన్నేళ్లూ నాకే తట్టలేదు. పెళ్లికార్డు డిజైన్‌కి 9,000 అనుకున్నాను. ప్రెస్ రేటు సంఖ్యను బట్టి మారుతుంది గానీ, లెక్క తేలిగ్గా ఉండాలని 24 అనే వేస్తున్నాను. 600 కార్డులవాళ్లకు పాత పద్ధతిలో 22,800, కొత్త పద్ధతిలో 23,400. పెద్ద తేడా లేదు. 1,500 కార్డులు వేయించేవాళ్లకు పాతదైతే 57,000, కొత్తది 45,000. 200 కార్డులవాళ్లకు మాత్రం పాతది 7,600 అయితే కొత్తది 13,800!

అంటే ఇన్నాళ్లూ పెద్ద పెళ్లివాళ్లు తెలియకుండానే చిన్న పెళ్లివాళ్ల డిజైన్ ఖర్చు మోశారు. నేను నిజాయితీగా బిల్లు రాసిన రోజునే ఆ భారమంతా 200 కార్డులవాళ్ల నెత్తిన పడుతోంది. రాత్రి రెండింటికి లేచి కూర్చుని మళ్లీ మళ్లీ వేసినా అంకె మారలేదు. చివరికి ఇలా చేశాను. మా పాత డిజైన్లలో మంచివి పన్నెండు పక్కన పెట్టాను. వాటిలో ఒకటి ఎంచుకుంటే పేర్లూ మేటరూ మార్చి ఇవ్వడానికి 2,500. అప్పుడు 200 కార్డులకు మొత్తం 7,300 అవుతుంది, పాతదానికంటే తక్కువే. అంబారీ ఏనుగు మాత్రం ఆ పన్నెండులో లేదు. అది ఆ అమ్మాయిది.

ఈ పద్ధతి ఇద్దరి మీద ముందే ప్రయోగించి చూశాను. ఆరేళ్లుగా వస్తున్న ఒకాయన ‘డిజైన్‌కి తొమ్మిది వేలా? మా బావమరిది కాన్వా యాప్‌లో చేసిపెడతాడు’ అని లేచి వెళ్లిపోయారు. చేసిపెట్టనివ్వండి. గుంటూరు నుంచి కారప్పొడి ప్యాకెట్ల లేబుళ్లు చేయించుకునే ఆయన బిల్లు రెండుసార్లు చదివి, ఏమీ మాట్లాడకుండా వెయ్యి తగ్గించి మిగతాది ఫోన్‌పే చేశారు. గుంటూరు కదా, అది తగ్గింపు కింద లెక్క కాదు.

మిగతావి పొడి పొడిగా చెప్పేస్తాను. ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చినవాళ్లకు పాత రేట్లే, పాత పద్ధతే. శ్రావణమాసం పెళ్లిళ్లకు వచ్చేవాళ్ల నుంచి కొత్తది. సగం ముందు ఇవ్వాలి, మార్పులు రెండుసార్ల వరకూ ఉచితం. (ఈసారి ఉచితం అంటే నిజంగా ఉచితమే.) మూడు ప్రెస్‌ల పేర్లు నేనిస్తాను, మీకు తెలిసిన ప్రెస్ ఉంటే అదీ సరే, వాళ్ల నుంచి నాకు కమిషన్ రాదు. మొదటి షీటు దిగేటప్పుడు నేను గానీ మా డిజైనర్ అమ్మాయి గానీ అక్కడ ఉంటాం, ఊళ్లో అయితే దానికి వేరే డబ్బు లేదు. నా ఫైలులో తప్పుంటే మళ్లీ వేయించే ఖర్చు నాది. ఫోన్‌లో ‘ఓకే అమ్మా’ అంటే ఇక చెల్లదు, కాగితం మీద ప్రూఫు చూసి సంతకం పెట్టాల్సిందే. పచ్చళ్లు, పొడులు చేసేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. ఆహార పదార్థాల లైసెన్సుకి ఇచ్చే ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరులో 14 అంకెలుంటాయి, నా కళ్లతో పాటు మీ కళ్లూ దాని మీద పడాలి. షాపులవాళ్లకు బిల్లు కావాలి కాబట్టి జీఎస్టీ రిజిస్ట్రేషన్ అలాగే ఉంచుతున్నాను.

లోగోలు చేయించుకున్నవాళ్లకు ఒక మాట. కాపీరైట్ చట్టం ప్రకారం హక్కు నా నుంచి మీకు మారాలంటే రాతపూర్వకంగా ఉండాలి, సంతకం ఉండాలి. ఎంతకాలానికో రాయకపోతే అయిదేళ్లకే అనుకుంటారు. నేను ఇప్పటిదాకా ఎవరికీ అలాంటి కాగితం ఇవ్వలేదు. పాతవాళ్లు ఎప్పుడైనా రండి, పూర్తి కాలానికి రాసి సంతకం పెట్టి ఇస్తాను. దీనికి డబ్బు తీసుకోను.

తప్పుపడ్డ కార్డులు, పంచకుండా మిగిలిన 460, మా దగ్గరే ఉన్నాయి. సగానికి మూలల్లో పసుపు ఉంది. పారెయ్యడానికి చేతులు రాక రఫ్ లెక్కలకు వాడుతున్నాం, పైన మీరు చదివిన అంకెలన్నీ వాటి వెనక వేసినవే.

ఆ పాత ప్రెస్‌కి ఈ పని తాలూకు సగం డబ్బు, 7,200, ముందే ఇచ్చాను. మిగతా 7,200 కోసం మొన్న మనిషిని పంపారు. ఎందుకొచ్చిన గొడవ, ఇచ్చెయ్యమంటున్నారు మా ఆయన. నేను ఇవ్వను.