లిపాటి సాయంత్రానికి చేయి వేసిన వాళ్లకు

అందరికీ నమస్కారం. మొన్న ఆదివారం మా అపార్ట్‌మెంట్ హాల్లో రొమేనియా పియానిస్టు దిను లిపాటి రికార్డు విందామని పాతికమందిని పిలిచాను. తీరా శనివారం రాత్రి రికార్డు పెట్టి చూస్తే ప్లేయర్ బెల్టు సాగిపోయింది. షోపాన్ రాసిన వాల్ట్జ్ (మూడు దెబ్బల నాట్య తాళంలో సాగే ముక్క) శ్రుతి దిగి, నిద్రమత్తులో వాయిస్తున్నట్టుంది. ఒకటే టెన్షన్.

కోఠిలో కొట్టు కట్టేసి ఇంటికెళ్లిన మెకానిక్ గారు నా ఫోన్‌కి వెనక్కొచ్చారు. బెల్టు మార్చి, పళ్లెం అంచున కాగితం ముక్క అంటించి, వాచీ చూస్తూ మూడు నిమిషాలకు సరిగ్గా 100 చుట్లు లెక్కపెట్టారు. "పాట సంగతి నాకు తెలీదు, స్పీడు మాత్రం కరెక్టండీ" అన్నారు. బెల్టు ఖరీదు తప్ప పైసా పుచ్చుకోలేదు.

లిపాటి 1917లో బుఖారెస్ట్‌లో పుట్టాడు. 1933 వియన్నా పోటీలో అతనికి రెండో బహుమతితో సరిపెట్టారని పేరున్న పియానిస్టు ఆల్ఫ్రెడ్ కోర్తో జడ్జీల్లోంచి తప్పుకున్నాడు, తర్వాత పారిస్‌లో తనే పాఠం చెప్పాడు. ఇంతవరకు నేను చెప్పగలను. లిపాటికి వచ్చిన హాడ్జ్‌కిన్స్ జబ్బు (లింఫ్ గ్రంథుల క్యాన్సర్), దానికి వాడిన కార్టిజోన్ మందు సంగతి మా మూడో అంతస్తు డాక్టరమ్మ గారు చెప్పారు. ఆ మందుతో కొన్నాళ్లు ఓపిక వస్తుందట, జబ్బు మాత్రం పోదట. కార్టిజోన్ పరిశోధనకు నోబెల్ ఇచ్చింది ఆ 1950లోనే అని ఆవిడ అనగానే హాలంతా నిశ్శబ్దం. ఆ డిసెంబర్ 2న లిపాటి పోయాడు, 33 ఏళ్లకే.

మేం విన్నది 1950 సెప్టెంబర్ 16న ఫ్రాన్స్‌లోని బెజాన్సాన్‌లో చేసిన చివరి కచేరీ. జర్మన్ స్వరకర్త బాఖ్ ముక్క మొదలుపెట్టేముందు మెట్ల మీద చేయి జార్చినట్టు కొన్ని స్వరాలు ఊరికే పలికించి చూసుకుంటాడు. నాకు కచేరీ మొత్తంలో అదే ఎక్కువ ఇష్టం. చివర్లో 14 వాల్ట్జ్‌లు వాయించాలి, 13 దగ్గర ఓపిక అయిపోయింది. లోపలికెళ్లి, మళ్లీ వచ్చి, మైరా హెస్ అనే పియానిస్టు పియానోకి మలిచిన బాఖ్ భక్తిగీతం వాయించాడు. ఆ ముక్క ఈ రికార్డులో లేదు.

అందుకే సికింద్రాబాద్ నుంచి మా వయొలిన్ మాస్టారు బస్సులో వచ్చారు, లిపాటే స్టూడియోలో వాయించిన అదే గీతం రికార్డు చంకలో పెట్టుకుని. నా చేతికివ్వలేదు లెండి, ముల్లు కూడా ఆయనే దించారు!

మాస్టారూ, రికార్డైతే జాగ్రత్తగా పట్టుకెళ్లారు గానీ దాని అట్ట కవరు మా సోఫా మీదే ఉండిపోయింది. ఈ ఆదివారం తెచ్చిస్తాను, మీరు మళ్లీ బస్సెక్కకండి.